చెన్నై మీదుగా గల్ఫ్‌కు వెళ్తున్నారా? సంతకానికి ముందు ఒప్పందాన్ని ఇలా చదువుకోండి

రాయచోటి, రాజంపేట, కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల నుంచి కువైట్‌కో, దుబాయ్‌కో, సౌదీకో పనికి వెళ్లేవారిలో చాలామంది చెన్నైలోనే విమానమెక్కుతారు. తెల్లవారుజామున మాధవరం బస్టాండులోనో సెంట్రల్ స్టేషనులోనో దిగి, ఎగ్మూరు చుట్టుపక్కల ఏదో ఒక లాడ్జీలో ఒకటి రెండు రోజులుండి, ఏజెంటు ఫోను కోసం ఎదురుచూస్తారు. వీసా, ఒప్పంద పత్రం, టికెట్టు ఉన్న కవరు చాలాసార్లు మీనంబాక్కం విమానాశ్రయం గేటు దగ్గర, లోపలికి వెళ్లడానికి గంట ముందు చేతికి వస్తుంది. దాన్ని విప్పి చదివే తీరిక గానీ, చదివాక వెనక్కి తిరిగి వచ్చే ధైర్యం గానీ ఆ సమయంలో ఎవరికీ ఉండవు.

నేను పదకొండేళ్లు దుబాయ్‌లో ఒక నిర్మాణ సంస్థలో టైమ్‌కీపరుగా, అంటే కార్మికుల పని గంటల లెక్క రాసేవాడిగా పనిచేశాను. ఇప్పుడు ఎగ్మూరులో జిరాక్సు, టైపింగు దుకాణం నడుపుతున్నాను. అక్కడ కార్మికులుండే మా క్యాంపులో జీతాల దగ్గర వచ్చిన తగాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడ చదవకుండా పెట్టిన సంతకమే. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఒప్పందం గురించే ఉంటుంది. మిగిలినవి అవసరమైన మేరకు చెబుతాను.

ముందు ఏజెంటు సంగతి

మన దేశం నుంచి విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే పని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంట్లు మాత్రమే చేయాలి. ఆ నమోదు ఉందో లేదో విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. నమోదైన ఏజెంట్ల జాబితాతో పాటు, అనుమతి లేకుండా మనుషులను పంపుతున్నారని ఫిర్యాదులు వచ్చినవారి జాబితా కూడా అక్కడే ఉంటుంది. మీ ఊళ్లో మిమ్మల్ని ఒప్పించి, డబ్బు తీసుకుని, చెన్నైకి పంపిన మనిషి దాదాపు ఎప్పుడూ సబ్ ఏజెంటే అయి ఉంటాడు. చట్టం దృష్టిలో సబ్ ఏజెంటు అనే మనిషే లేడు. కాబట్టి అతన్ని అడగవలసిన మొదటి ప్రశ్న, ‘నన్ను ఎవరి లైసెన్సు మీద పంపుతున్నారు?’ అన్నది. పేరు, లైసెన్సు నంబరు చెప్పగలిగితే వాటిని వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. ‘మనమంతా ఒక ఊరివాళ్లం, నా మీద నమ్మకం లేదా?’ అని ఎదురు ప్రశ్న వేస్తే, అక్కడే ఆగిపోవడం మంచిది.

నమోదైన ఏజెంటు కార్మికుడి దగ్గర సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం 35,400 రూపాయలకు మించి తీసుకోకూడదు. దానికి రసీదు ఇవ్వాలి. లక్ష, లక్షన్నర కట్టి వెళ్లినవారు నాకు తెలిసినవారిలోనే పదుల సంఖ్యలో ఉన్నారు, వారిలో రసీదు ఉన్నవారు ఒక్కరూ లేరు. డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో పంపితే కనీసం ఆ లావాదేవీ రుజువుగా మిగులుతుంది.

పాస్‌పోర్టు, వీసా

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్, అంటే వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరం) అని ముద్ర ఉంటుంది. ఆరు గల్ఫ్ దేశాలతో కలిపి మొత్తం 18 దేశాలకు ఈ పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం అనుమతి ఇవ్వాలి. ఆ కార్యాలయం చెన్నైలోనూ ఉంది. దీన్ని అనవసరపు తిప్పలుగా భావించేవారు చాలామంది ఉన్నారు, ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానీ ఆ అనుమతి రావాలంటే యజమాని ఎవరో, జీతం ఎంతో, పని ఏమిటో ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కూడా తీసుకోవాలి. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు ఇచ్చే ఈ బీమాకు ప్రీమియం, పన్ను కాకుండా, రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ఈ పాలసీ కాగితాన్ని ఇంట్లో ఎవరికీ ఇవ్వకుండా పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయేవారిని చూస్తే నాకు ఇప్పటికీ విసుగొస్తుంది, ఎందుకంటే ఆ కాగితంతో అవసరం పడేది ఇంట్లోవారికే.

ఈ పద్ధతి తప్పించుకోవడానికి ఏజెంట్లు పట్టుకున్న అడ్డదారి విజిట్ వీసా. ‘ముందు విజిట్ మీద వెళ్లు, అక్కడ కంపెనీ వీసా కొట్టిస్తాం’ అంటారు. విజిట్ వీసా మీద వెళ్లిన మనిషికి ఒప్పందం ఉండదు, బీమా ఉండదు, చేసిన పనికి జీతం అడిగే ఆధారం ఉండదు, పైగా పనిచేయడమే నేరమవుతుంది. ‘ఆజాద్ వీసా’ అని అమ్మేది కూడా ఇలాంటిదే. ఆ పేరుతో ఏ గల్ఫ్ దేశ చట్టంలోనూ వీసా లేదు. ఒక కఫీల్ (వీసా ఇచ్చే అక్కడి యజమాని) పేరు మీద వీసా తీసి, ఆయనకు ఏటా డబ్బు కడుతూ బయట ఎక్కడో పనిచేసుకోవడాన్నే మనవాళ్లు అలా పిలుస్తారు. పోలీసు తనిఖీలో దొరికితే తిరిగి పంపేది కార్మికుణ్నే.

ఒప్పందం

ఇక అసలు విషయం. ఒప్పందం సాధారణంగా అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. యూఏఈ విషయంలో 2016 నుంచి ఒక మేలు జరిగింది. ఇక్కడి నుంచి బయలుదేరకముందే కార్మికుడు ఆఫర్ లెటరు చదివి సంతకం చేయాలి, అక్కడికి వెళ్లాక కుదిరే ఒప్పందం అంతకంటే తక్కువగా ఉండకూడదు. ఆ ఆఫర్ లెటరును అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ 11 భాషల్లో ఇస్తుంది. హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం, బెంగాలీ ఆ జాబితాలో ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు జిల్లాల నుంచి ఇన్ని వేలమంది వెళ్తున్నా మన భాషకు చోటు దక్కకపోవడం బాధాకరమే. అయితే చెన్నైలో ఉన్నవారికి దీనికి ఒక ఉపాయం ఉంది. తమిళ ప్రతి ఇవ్వమని అడిగితే, లాడ్జీ గుమాస్తా నుంచి టీకొట్టు యజమాని దాకా ఎవరైనా చదివి చెప్పగలరు. నా దుకాణంలో నేను చేసే పని కూడా అదే.

పత్రం చేతికి రాగానే మొత్తం జీతం అంకె మీద కాక, మూల వేతనం అంకె మీద వేలు పెట్టండి. ఏజెంటు ఎప్పుడూ మొత్తమే చెబుతాడు. తేడా ఎంతో చూడడానికి కమ్మీ కట్టే ఇద్దరు స్టీల్ ఫిక్సర్లను తీసుకుందాం. ఇద్దరి జీతమూ నెలకు 1,200 దిర్హాములే. మొదటివాడి ఒప్పందంలో మూల వేతనం 1,000, అలవెన్సు 200 అని ఉంది. రెండోవాడి ఒప్పందంలో మూల వేతనం 600, అలవెన్సు 600 అని ఉంది. నెల మొదటి తేదీన ఇద్దరూ ఒకే సొమ్ము లెక్కపెట్టుకుంటారు కాబట్టి, ఇందులో మోసమేముందని అనిపిస్తుంది.

ఓటీ (ఓవర్‌టైమ్) మొదలయ్యాక లెక్క మారుతుంది. యూఏఈ చట్టంలో పని గంటలు రోజుకు 8, వారానికి 48. ఆపైన చేసే ప్రతి గంటకూ మూల వేతనం ప్రకారం గంటకు వచ్చే సొమ్ము, దాని మీద 25 శాతం కలిపి ఇవ్వాలి. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే 50 శాతం కలపాలి. మూల వేతనాన్ని 30 రోజులతో, ఆపైన 8 గంటలతో భాగిస్తే మొదటివాడికి గంటకు 4.17 దిర్హాములు, రెండోవాడికి 2.50 దిర్హాములు వస్తాయి. పావు వంతు కలిపితే ఓటీ గంటకు మొదటివాడికి 5.21, రెండోవాడికి 3.12. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు ఓటీ చేస్తే మొదటివాడికి సుమారు 271 దిర్హాములు, రెండోవాడికి సుమారు 163 దిర్హాములు ముడతాయి. ఒకే కమ్మీ, ఒకే ఎండ, అయినా నెలకు 108 దిర్హాముల తేడా.

గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు ఇచ్చే సొమ్ము కూడా మూల వేతనం మీదే లెక్కిస్తారు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజుల వేతనం చొప్పున ఇవ్వాలి. ఐదేళ్లకు 105 రోజుల వేతనం అనుకుంటే మొదటివాడికి 3,500, రెండోవాడికి 2,100 దిర్హాములు వస్తాయి. ఓటీ తేడా ఐదేళ్లకు 6,500, గ్రాట్యుటీ తేడా 1,400; మొత్తం 7,900 దిర్హాములు రెండోవాడు ఆ ఒక్క గడి చూడకపోవడం వల్ల పోగొట్టుకున్నాడు. టైమ్‌కీపరుగా ఈ లెక్కలు నేనే వేసేవాణ్ని. ఐదేళ్ల తరువాత లెక్క తేల్చుకోవడానికి వచ్చి, ‘నాకూ వాడికీ ఒకే జీతం కదన్నా, నాకెందుకు తక్కువొచ్చింది?’ అని అడిగినవారికి ఒప్పందం తీసి చూపించడం తప్ప నేను చేయగలిగింది ఉండేది కాదు.

మూల వేతనం తరువాత చూడవలసినది తిండి, గది. ‘కంపెనీ ఇస్తుంది’ అని ఉందా, ‘అలవెన్సు ఇస్తుంది’ అని ఉందా అన్నది తేల్చుకోవాలి. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు. యజమాని గది ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 రియాళ్లు అదనంగా ఇవ్వాలి. ఆ లెక్కన, తిండీ గదీ ఇవ్వకుండా 1,200 రియాళ్లని రాసిన ఒప్పందం చట్టవిరుద్ధం. పని పేరు కూడా జాగ్రత్తగా చూడాలి. ఎలక్ట్రీషియన్ పనికని చెన్నైలో ట్రేడ్ టెస్టు పెట్టి, ఒప్పందంలో లేబర్ అని రాస్తే, అక్కడ మీరు లేబరే. సౌదీలో వీసా, అకామా (నివాస అనుమతి కార్డు), వాటి రెన్యువల్ ఖర్చులన్నీ చట్టప్రకారం యజమానివే కనుక, వాటిని జీతంలో కోస్తామన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే సంతకం పెట్టకూడదు. సెలవు టికెట్టు ఎన్నేళ్లకు, ప్రొబేషను ఎన్ని నెలలు అన్నవి కూడా ఒకసారి చూసుకుంటే చాలు. యూఏఈలో ప్రొబేషను ఆరు నెలలకు మించకూడదు.

మెడికల్, సామాను

గల్ఫ్ దేశాల ఆరోగ్య మండలి గుర్తించిన కేంద్రాల్లో మాత్రమే వైద్య పరీక్ష చెల్లుతుంది. ఒకప్పుడు గామ్కా అనేవారు, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. క్షయ, హెచ్ఐవీ, హెపటైటిస్ కోసం చూస్తారు. ‘అన్‌ఫిట్ వచ్చినా ఫిట్ చేయిస్తాం’ అనే మాట వింటే నవ్వి ఊరుకోండి. అక్కడ దిగాక మళ్లీ పరీక్ష చేస్తారు, తేలితే తిరుగు విమానమే.

సామానులో గసగసాలు పెట్టకండి. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొడిలో ఉన్నా సరే తీసేయండి. యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో గసగసాలు నిషిద్ధ మాదక పదార్థాల కిందికే వస్తాయి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా అంతే. ‘అక్కడ మావాడికి ఇవ్వన్నా’ అంటూ విమానాశ్రయం దగ్గర ఎవరైనా ఇచ్చే పొట్లాన్ని తీసుకోకండి. ఇస్తున్నది సొంత మేనమామ అయినా విప్పి చూసి తీసుకోవాలి.

ఇంటి పనికి వెళ్లే ఆడవారికి

రాయలసీమ నుంచీ కోనసీమ నుంచీ కువైట్‌కు ఖద్దామాలుగా (ఇంటి పనివారిగా) వెళ్లే అక్కచెల్లెళ్ల పరిస్థితి కంపెనీ కార్మికుల పరిస్థితి కంటే భిన్నమైనది, ఎందుకంటే వారి పనిచోటు తలుపులు మూసి ఉండే ఇల్లు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్లు నిండితేనే అనుమతి ఇస్తారు. వారిని పంపవలసినది ప్రైవేటు ఏజెంట్లు కాదు, ప్రభుత్వ సంస్థలు. చెన్నైలో తమిళనాడు ప్రభుత్వపు ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివే. దుబాయ్ విజిట్ వీసా ఇచ్చి, అక్కడి నుంచి ఒమాన్‌కో కువైట్‌కో తీసుకెళ్తామని చెప్పే మనిషి ఈ నిబంధనను తప్పించుకోవడానికే అలా చెబుతున్నాడు.

కువైట్‌లో ఇంటి పనివారికి 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికి ఒక సెలవు, ఏడాదికి ఒక నెల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చెల్లించాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. కాగితం మీద ఇంత ఉన్నా, బాబా, మామా అని పిలిచే ఇంటి యజమానికీ యజమానురాలికీ ఎదురుగా నిలబడి దీన్ని అడగడం ఎంత కష్టమో వెళ్లి వచ్చినవారికే తెలుసు. అందుకని అడగడం కంటే ముందు రెండు పనులు చేసిపెట్టుకోవాలి. యజమాని పూర్తి పేరు, ఇంటి ప్రాంతం, బ్లాకు, వీధి, ఇంటి నంబరు మొదటి వారంలోనే ఇంటికి పంపాలి. ఫోను తీసేసుకుంటే ఎన్ని రోజులు మాట రాకపోతే ఇంట్లోవారు కదలాలో ముందే అనుకోవాలి. మా దుకాణానికి వచ్చే తల్లులకు నేను పది రోజులని చెబుతాను.

అక్కడ దిగాక

క్యాంపు జీవితంలో రోజు తెల్లవారుజామున నాలుగుకే మొదలవుతుంది. వంటగదిలో పొయ్యి కోసం వరుస, స్నానాల గది దగ్గర వరుస, ఐదు గంటలకు బస్సు. దుబాయ్‌లో కార్మికుల క్యాంపులుండే సోనాపూర్ నుంచి సైటుకు గంటన్నర ప్రయాణం పడితే, ఆ గంటన్నర పని గంటల్లో కలవదు. మధ్యాహ్నం అన్నం డబ్బా ఎండకు పుల్లబడకుండా ఉండాలంటే రాత్రే పెరుగు కలపకుండా ఉంచుకోవాలని నాకు చెప్పినవాడు ఒక జగిత్యాల మేస్త్రీ.

ఎండ గురించి అక్కడి ప్రభుత్వాలు కచ్చితమైన వేళలు పెట్టాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి 3.30 వరకు, కువైట్‌లో జూన్, జులై, ఆగస్టుల్లో ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదు. దాహం వేసినప్పుడు తాగితే సరిపోదు, దాహంతో పని లేకుండా గంటకోసారి తాగుతూ ఉండాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం. పక్కవాడు తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలుతున్నా వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లు తడిపి, అంబులెన్సును పిలిపించాలి. ‘కాసేపు పడుకుంటే తగ్గుతుంది’ అని ఫోర్‌మన్ అన్నా వినకూడదు.

గదిలోకి వెళ్లిన మొదటి రాత్రే బయటికి దారి ఎటో, మెట్లెక్కడున్నాయో చూసుకోండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులున్న భవనం అంటుకుని కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. చాలామందిని చంపింది మంట కాదు, పొగ.

అన్నిటికంటే చవకైన రక్షణ ఒక జేబు డైరీ. ఏ రోజు ఎన్నింటికి పని మొదలైంది, ఎన్నింటికి ముగిసింది, ఏ సైటు, ఫోర్‌మన్ ఎవరు అన్నవి ప్రతి రాత్రీ రాసుకోవాలి. టైమ్‌షీటు మీద సంతకం పెట్టేటప్పుడు ఫోనులో ఫొటో తీసుకోవాలి. కంపెనీ లెక్కలు రాసినవాడిగా చెబుతున్నాను, ఓటీ గంటలు తగ్గించమని పైనుంచి మాట వచ్చినప్పుడు మేం ముట్టుకోనివి డైరీ రాసేవాళ్ల గంటలే.

జీతం ఆగితే

యూఏఈలో 2009 నుంచీ, ఖతార్‌లో 2015 నుంచీ జీతాలు డబ్ల్యూపీఎస్ (వేతన రక్షణ విధానం) కింద బ్యాంకు ద్వారానే వేయాలి. కాబట్టి జీతం ఆగిన సంగతి ప్రభుత్వానికీ కనిపిస్తుంది. రెండు నెలలు చూద్దాం, మూడు నెలలు చూద్దాం అని సాగదీయకూడదు. యూఏఈలో మంత్రిత్వ శాఖ యాప్‌లోనో, 600590000 నంబరులోనో ఫిర్యాదు చేయవచ్చు. 50,000 దిర్హాముల లోపు తగాదాలను 2024 నుంచి ఆ శాఖే తేల్చేస్తోంది.

కోపం వచ్చి క్యాంపు వదిలి వెళ్లిపోవడం మాత్రం చేయకండి. యజమాని పారిపోయినట్టు కేసు పెడితే, సౌదీలో దాన్ని హురూబ్ అంటారు, జీతం బాకీ పక్కకుపోయి మీరే ముద్దాయి అవుతారు. కువైట్‌లో ఖల్లివెల్లి అయినవారు, అంటే యజమానిని వదిలి కాగితాలు లేకుండా ఉండిపోయినవారు, క్షమాభిక్ష ప్రకటన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. పైగా కువైట్‌లో 2025 జులై 1 నుంచి 18వ నంబరు వీసా ఉన్న ప్రైవేటు ఉద్యోగులు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కావాలి. కొట్టినా, ప్రాణభయం ఉన్నా నేరుగా భారత రాయబార కార్యాలయానికే వెళ్లాలి. దిక్కులేనివారి టికెట్టుకూ, వసతికీ, మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికీ 2009లో పెట్టిన సంక్షేమ నిధి అక్కడ ఉంటుంది. యూఏఈలో ఉన్నవారు 80046342కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇంట్లోవారు ఇక్కడి నుంచి 1800113090కు ఫోను చేయవచ్చు, విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ దరఖాస్తు నింపడానికి పాస్‌పోర్టు నంబరు, వీసా వివరాలు, యజమాని పేరు, చిరునామా కావాలి. మా దుకాణానికి వచ్చే తల్లిదండ్రుల్లో సగానికి పైగా మంది దగ్గర కొడుకు ఫోటో తప్ప మరేమీ ఉండదు. అందుకే చెన్నై నుంచి బయలుదేరే రోజున పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఒప్పందంలోని ప్రతి పేజీ, బీమా కాగితం, డబ్బు కట్టిన రుజువు అన్నీ రెండేసి జిరాక్సులు తీయించి, ఒక కట్ట ఇంటికి పంపాలి, ఒక కట్ట చేతి సంచిలో పెట్టుకోవాలి. ఫోనులో ఫోటోలు కూడా తీసి ఇంట్లోవారి వాట్సాప్‌కు పంపండి.